అయిదూ నలభై బస్సు: శ్రీ కడారి బీరన్న గారి పదమూడేళ్ళు

2001వ సంవత్సరం జూలై రెండవ తేదీ, సోమవారం నాడు, శ్రీ కడారి బీరన్న గారు మన కోదాడ బస్సు డిపో ట్రాఫిక్ విభాగంలో కంట్రోలర్‌గా బాధ్యతలు స్వీకరించారు. అంతకు పూర్వం మిర్యాలగూడలో పన్నెండేళ్ళు కండక్టరుగా టికెట్లు కోసి, సూర్యాపేట బస్టాండులో ఎనిమిదేళ్ళు బస్సుల రాకపోకలు చూసి, నలభై అయిదవ ఏట ఇక్కడికి వచ్చిన ఆ పెద్దమనిషి, ఈ 2014 సెప్టెంబరు ముప్పైవ తేదీన సంస్థ సేవ నుండి విశ్రాంతి పొందుతున్నారు.

విరమణ సంచికలలో అందరూ మృదుభాషులే, అందరూ అజాతశత్రువులే. బీరన్న గారు మృదుభాషులు కారు. శత్రువులు లేనివారు అంతకన్నా కారు. ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కలేదు, దక్కకూడని శిక్ష దక్కింది. ఆ సంగతి ఈ నాలుగు పుటలలో కాకపోతే మరెక్కడా అచ్చుకు నోచుకోదు గనుక, సహోద్యోగులూ కుటుంబ సభ్యులూ చదువుతారని తెలిసే, ఇక్కడ చెప్పుకోవలసి వస్తున్నది.

నేరేడుచర్ల సమీపాన ఒక పల్లెలో, తరతరాలుగా గొర్రెలు కాచుకుని బతికే ఇంట పుట్టిన బీరన్న గారు, ఆ వంశంలో ఇంటర్మీడియట్ దాకా చదివిన మొదటివారు. ఇక్కడ చేరిన తొలి మూడేళ్ళలో ఆయన చేసిన పని ఎవరూ చెయ్యమనలేదు. వారానికొక సెలవు రోజున, యూనిఫాం విప్పి, మామూలు ప్రయాణికుడిగా ఒక్కో దారిలో బస్సెక్కి చివరి ఊరి దాకా పోయి వచ్చేవారు. మఠంపల్లి రాళ్ళ పనికి పోయేవారు ఏ వేళకు రోడ్డు మీదికి వస్తారు, చిలుకూరు రైతులు కూరగాయల గంపలతో ఏ వేళకు కదులుతారు, నేరేడుచర్ల మిల్లుల గేట్లు ఏ వేళకు మూస్తారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. మఠంపల్లి బస్సును పదిహేను నిమిషాలు ముందుకు జరిపించింది ఆయనే. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ బస్సు పనివాళ్ళు వెళ్ళిపోయిన వేళకే నడిచింది. అది ఖాళీగా పోతున్నదని మనమంతా ఆ దారినే నిందిస్తూ కూర్చున్నాం. కూర్చున్నవారిలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు. అతని పేరు రవీందర్, అప్పటికి డిపో కార్యాలయంలో టైపిస్టు.

2004లో నవజీవన్ కాలనీ వ్యవహారం మొదలైంది. కోదాడలో పెద్దరోడ్డు అంచున గుడిసెలు వేసుకుని బతుకుతున్న ఏడు వందల ఇరవై కుటుంబాలను అక్కడి నుంచి తొలగించి, చిలుకూరు దారిలో ఏడు కిలోమీటర్ల అవతల, రోడ్డు దిగి గుట్ట పక్కన, ఇళ్ళు కట్టించి ఇవ్వాలని నిర్ణయమైంది. భూమి చాలలేదు. చాలని భూమిని చాలేట్టు చేయడానికి రూపకర్తలు ఒక ఉపాయం కనిపెట్టారు: ఆ కాలనీలో వాహనాలే ఉండవు. వీధులు పది అడుగులకు మించవు, బండ్లు నిలుపుకునే జాగా ఒక్కటీ ఉండదు, మిగిలిన నేలంతా ఇళ్ళకే. పేదలకు కార్లెక్కడివి, మోటారు సైకిళ్ళెక్కడివి? వాళ్ళు బస్సులో పోతారు. ప్లాను కాగితం మీద ఈ మాట ఇంతకంటే ఎంతో అందంగా రాసి ఉంది. అయితే బస్సు ఉంటుందని ఎవరో ఒకరు హామీ ఇస్తే తప్ప ఆ ప్లాను మంజూరు కాదు. ఆ ఎవరో ఒకరు మన డిపోయే.

అప్పటి మేనేజరు గారు బీరన్న గారిని పిలిచి ఒక్క వాక్యం చెప్పారు, బీరన్న గారు తన గుండ్రటి దస్తూరీతో దాన్ని రాశారు: "సదరు కాలనీకి తగినంత బస్సు సౌకర్యం కల్పించబడును." ఎన్ని బస్సులు, ఎక్కడి నుంచి తెస్తారు అని ఆయన అడగకపోలేదు. ఇళ్ళు కట్టేసరికి కొత్త బస్సులు వస్తాయని మేనేజరు గారు చెప్పారు. ఆయన చెప్పారు, ఈయన నమ్మారు. ఆ నమ్మకాన్ని బీరన్న గారు నేటికీ క్షమించుకోలేదు.

తర్వాత నెలలోనే గుడిసెల వారితో సమావేశం పెట్టారు. డిపో తరఫున బీరన్న గారు వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నారు. ఇళ్ళ విభాగం అధికారి లేచి, ఇది పొగ లేని కాలనీ, హారన్ మోత వినపడని కాలనీ, పిల్లలు వీధిలో నిశ్చింతగా ఆడుకునే కాలనీ అని గుక్క తిప్పుకోకుండా వర్ణించారు. అంతా విన్న ఒక యువతి చంటిపిల్లను చంకనెత్తుకుని లేచింది. ఆమె పేరు జమున. తండా నుంచి వచ్చి ఆ గుడిసెలలో కాపురమున్న మనిషి, నేరేడుచర్లలో ఒక బియ్యం మిల్లులో కూలికి పోయేది.

"మంచిగనే ఉన్నది సారూ. గానీ గాడికి పోతె మేం పనికెట్ల పోవాలె? మాకు బండ్లు లేవు గదా," అన్నది.

"బండ్లు లేవనే కదమ్మా ఇట్లా కట్టేది. మీకు బస్సు వస్తుంది. డిపో వాళ్ళు రాసిచ్చారు," అంటూ అధికారి ఆ ఒక్క వాక్యాన్ని బిగ్గరగా చదివి, వెనుక వరుస వైపు చెయ్యి చూపారు. "అదిగో, డిపో సారు అక్కడే ఉన్నారు. మీరే అడగండి."

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. బీరన్న గారు లేచి నిలబడ్డారు.

"వస్తదమ్మా," అన్నారు. "పక్కా వస్తది."

2006 నవంబరులో ఏడు వందల ఇరవై ఇళ్ళలోనూ పొయ్యిలు వెలిగాయి. కొత్త బస్సులు రాలేదు. ఉన్న బస్సులలోనే ఒకదాన్ని సర్ది, ఉదయం ఎనిమిదింటికి ఒక ట్రిప్పు, సాయంత్రం అయిదింటికి ఒక ట్రిప్పు వేశారు. మిల్లు గేట్లు మూసేది తెల్లవారి ఏడింటికి, తర్వాత వచ్చినవారికి ఆ రోజు కూలి లేదు. ఎనిమిది గంటల బస్సు బడిపిల్లలకూ దుకాణాలలో పనిచేసేవారికీ దవాఖానకు పోయే వృద్ధులకూ మాత్రమే. వారితోనే అది పొర్లిపోయేది. యాభై మంది కూర్చునే బండిలో నూట నలభై మంది ఎక్కారు. వెనుక తలుపు రెండు నెలలలో ఊడిపోయింది, స్ప్రింగు పట్టాలు నాలుగు సార్లు విరిగాయి. ఒక మహిళా కండక్టరు జనంలో నలిగి వెనుక దాకా టికెట్లు కోయలేకపోతే, తనిఖీ వారు వచ్చి టికెట్ లేనివారు పదకొండు మంది ఉన్నారని ఆమె మీదనే కేసు రాశారు. కాలనీ వారు డిపోను తిట్టారు, డిపో సిబ్బంది కాలనీని తిట్టారు. ఒకరికి ఇళ్ళు కట్టి పేరు తెచ్చుకున్నవారూ, ఒకరికి బస్సులివ్వక ఊరుకున్నవారూ ఈ తిట్లకు అందనంత దూరంలో క్షేమంగా ఉన్నారు.

చిలుకూరు అవతలి పల్లెల మధ్యాహ్నపు బస్సును కోసి కాలనీకి వేద్దామని ఒక ఆలోచన వచ్చింది. బీరన్న గారు అడ్డుపడ్డారు. "ఒకళ్ళ కంచంల బువ్వ తీసి ఇంకొకళ్ళ కంచంల పెట్టుడు గాదు సార్ నేనడిగేది. కొత్త బస్సు అడుగుతున్న," అన్నారు. ఆ మాట అహంకారంగా వినిపించిందని మేనేజరు గారు తర్వాత బీరన్న గారి మీది రహస్య నివేదికలో రాశారు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. పై కార్యాలయం వారు "ప్రయాణికుల సంఖ్యకు ఆధారమేది?" అని అడిగినందున, 2007 జనవరిలో బీరన్న గారు మూడు రోజులు సెలవు పెట్టి, తెల్లవారకముందే పోయి కాలనీ కమాను కింద నిలబడ్డారు. రాస్తూ కూర్చుంటే జనం దాటిపోతారని, ఎడమ జేబు నిండా గులకరాళ్ళు పోసుకుని, పదిమంది బయటికి వస్తే ఒక రాయి కుడి జేబులో వేసుకున్నారు. ఆయన తండ్రి మందను దొడ్డిలోకి తోలేటప్పుడు లెక్కపెట్టే పద్ధతి అదే.

నడిచిపోతున్న ఆడవాళ్ళలో జమున ఆయన్ని గుర్తుపట్టి ఆగింది. "ఏందన్నా, మమ్ముల గొర్లను లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నవ్?" అని నవ్వింది.

"గొర్రె తప్పిపోతె ఎతికెటోడు ఒకడుంటడు బిడ్డా," అన్నారు బీరన్న గారు. "మీకు ఎవ్వరున్నరు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ మాట అనకుండా ఉండవలసిందని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. అన్నట్టు, లెక్క తేలింది: తెల్లవారి అయిదు నుంచి ఏడు లోపల కాలనీ నుంచి బయలుదేరేవారు నాలుగు వందల పదిమంది. వారికి ఉన్న బస్సులు సున్న. రెండు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కి, ఏడు సీట్ల ఆటోలలో పదిహేను మంది, పదహారు మంది వేలాడి పోయేవారు.

ఆ లెక్క జతపరిచి బీరన్న గారు మొదటి ప్రతిపాదన పంపారు. జవాబు రాలేదు. మార్చిలో రెండవది, మేలో మూడవది పంపారు. అట్లా రెండు నెలలకొకటి చొప్పున, 2008 సెప్టెంబరు దాకా పదకొండు ప్రతిపాదనలు పంపారు. అన్నింటినీ టైపు చేసింది ఈ వ్యాసకర్తే. అయిదవదానికి వచ్చేసరికి, "ఎందుకన్నా ఈ పని, పాతదాని మీదనే తేదీ మార్చి పంపుదాం," అని నవ్వులాటకు అన్నాడు. బీరన్న గారు నవ్వలేదు. "మనుషులు పెరిగిన్రు రవీందర్. సంఖ్య మార్చు," అన్నారు.

ఆ రోజులలో రోజూ తెల్లవారుజామున మన డిపో నుంచి ఒక బస్సు ఖాళీగా బయలుదేరేది. నేరేడుచర్ల నుంచి మొదలయ్యే తొలి సర్వీసుకు బండి అక్కడ ఉండాలి గనుక, ఇక్కడి నుంచి మనుషులు లేకుండా పోయేది. చిలుకూరు దారిలో కాలనీ మలుపు దగ్గర ఆటోల కోసం నిలుచున్న నాలుగు వందల మంది కళ్ళ ముందే, లోపల లైట్లన్నీ వెలుగుతూ, యాభై సీట్లూ ఖాళీగా, ఆ బస్సు ఆగకుండా సాగిపోయేది. ఆపడానికి వీల్లేదు, లెక్క ప్రకారం అది సర్వీసు కాదు. జనం మొదట్లో చేతులెత్తేవారు. తర్వాత ఎత్తడం మానేశారు.

చేతులెత్తడం మానేశారన్న మాటను ఆ బస్సు డ్రైవరు మంగ్త్యా గారు ఒక సాయంత్రం బీరన్న గారితో చెప్పారు. "తిట్టినా మంచిగుంటుండె సార్. తిడ్తలేరు. ఊకె సూస్తున్నరు. నేనే మొకం తిప్పుకుంటున్న," అన్నారు.

మరుసటి సోమవారం, 2008 నవంబరు మూడవ తేదీన, బీరన్న గారు డ్యూటీ కాగితం మీద తన సంతకంతో రాసిచ్చారు: ఖాళీ బండి కాలనీ లోపలికి పోయి, కమాను దగ్గర అయిదూ నలభైకి జనాన్ని ఎక్కించుకుని, టికెట్లు కోసి, నేరేడుచర్ల పోవాలి. అదనంగా తిరిగే దూరం నాలుగు కిలోమీటర్లు. మొదటి రోజు తానూ ఆ బస్సులో పోయారు. కండక్టరు పక్కన నిలబడి, ఎక్కుతున్నవారిని చూస్తూ ఉండిపోయారు. జమున ముందు వరుసలో కిటికీ పక్క సీటులో కూర్చుని, కూర్చున్న సీటును చేత్తో తడిమి చూసింది.

"అన్నా, కాలనీకి పోయినంక నేను సీట్ల కూసునుడు ఇదే తొల్త," అన్నది.

బీరన్న గారి ముప్పై మూడేళ్ళ సేవలో ఆయనకు దక్కిన సన్మానం ఏదైనా ఉంటే అది ఆ మాటే. అటుపై సంస్థ ఇచ్చినవన్నీ మెమోలు.

ఆ బస్సు నలభై ఒక్క రోజులు నడిచింది. నష్టం రాలేదు, ప్రమాదం జరగలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. డిసెంబరు పదమూడున తనిఖీ బృందం దారి మళ్ళిన బండిని పట్టుకుంది. అనుమతి లేని మార్గంలో సంస్థ వాహనాన్ని నడిపించినందుకు, నేరేడుచర్ల సర్వీసు ఎనిమిది నిమిషాలు ఆలస్యం కావడానికి కారకులైనందుకు ఆయన మీద అభియోగం మోపారు. మరునాటి నుంచే బస్సు మళ్ళీ ఖాళీగా పోవడం మొదలైంది.

విచారణ మన డిపోలోనే జరిగింది. ప్రశ్నలూ జవాబులూ రాసుకున్నవాడు ఈ వ్యాసకర్త గనుక వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఇక్కడ ఇవ్వగలుగుతున్నాడు.

"ఎవరి అనుమతితో పంపారు?" అని విచారణాధికారి అడిగారు.

"పదకొండు సార్లు అడిగిన సార్. ఇస్తమని రాలే. ఇయ్యమని గూడ రాలే."

"జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టు కాదు. అది మీకు తెలియదా?"

"ఎరుకే సార్. గానీ మిల్లు గేటుకు ఎరుక లేదు. అది ఏడింటికి మూస్తరు."

"డ్రైవరుకూ కండక్టరుకూ ఇది నిబంధనలకు విరుద్ధమని తెలుసా?"

"తెల్వదు. నేను రాసిచ్చిన కాగితం సూసి పోయిన్రు. వాళ్ళ మీద ఏం రాయొద్దు. ఏముంటె నా పేరు మీద రాయుండ్రి."

అందరికీ తెలుసు, వారికీ తెలుసునని. కానీ వారి మీద కేసు పడలేదు. బీరన్న గారికి రెండు ఇంక్రిమెంట్లు నిలిపివేసి, ట్రాఫిక్ విభాగం నుంచి తప్పించి, స్టోర్‌కు మార్చారు. మనుషుల రాకపోకలను చూపుతో పట్టగలిగిన మనిషిని తీసుకుపోయి బోల్టులూ ఫ్యాన్ బెల్టులూ ఉన్న గదిలో కూర్చోబెట్టారు. అప్పుడు మనలో ఎవరం నోరు విప్పలేదు. సంఘాల నాయకులు కూడా, "తొందరపడ్డవ్ బీరన్నా," అన్నారు తప్ప మరొక మాట అనలేదు.

బస్సు ఆగిన ఇరవై మూడవ రోజు, 2009 జనవరి అయిదు. తెల్లవారి మంచు దట్టంగా పడుతున్నది. నవజీవన్ కాలనీ మలుపు నుంచి బయలుదేరిన ఏడు సీట్ల ఆటో ఒకటి పదహారు మందితో కాలువ వంతెన దగ్గర బోల్తాపడింది. ముగ్గురు చనిపోయారు. ముగ్గురూ ఆడవారు, ముగ్గురూ మిల్లు కూలీలు. అందులో జమున ఒకతె.

ఖాళీ బస్సుతో వెనుకనే వస్తున్న మంగ్త్యా గారు బండి ఆపి, దెబ్బలు తగిలినవారందరినీ అందులోకి ఎక్కించి కోదాడ దవాఖానకు తెచ్చారు. ఆ రోజు ఆ బండి నిండింది. అక్కడి నుంచి ఆయన నేరుగా స్టోర్‌కు వచ్చి, గుమ్మంలో నిలబడి, "సార్, గా ముందు సీట్ల కూసునే పిల్ల," అని మాత్రమే అనగలిగారు. బీరన్న గారు అర్థం చేసుకున్నారు. చేతిలో ఉన్న స్టాకు రిజిస్టరు మూసి, తాళం వేసి, తాళంచెవి కార్యాలయంలో అప్పగించి, సెలవు చీటీ రాసిచ్చి మరీ బయలుదేరారు. నిబంధన తప్పడం ఆయనకు చేతకాని పని. తప్పింది జన్మలో ఆ నలభై ఒక్క రోజులే.

దవాఖాన వరండాలో జమున భర్త దస్రు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బీరన్న గారు పోయి పక్కన కింద కూర్చున్నారు. దస్రు తల తిప్పకుండానే మాట్లాడాడు.

"నీ బస్సు నడిసినన్ని దినాలు ఇంత బువ్వ తిని పోయిందన్నా. బస్సు బందయినంక తినలే. ఆటోల జాగ దొర్కదని ఉరుకుడే. గియ్యాల గూడ తినలే."

నిండు సభలో నిలబడి పక్కా వస్తదని చెప్పినవారు బీరన్న గారే. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, ఇంటికి నడిచే వచ్చి, అన్నం ముందు కూర్చుని, కంచం అట్లాగే జరిపేశారని సతీమణి లక్ష్మీనర్సమ్మ గారు చెబుతారు.

ప్రమాదం మీద పైనుంచి ప్రశ్న వచ్చింది: ఆ వేళకు ఆ దారిలో సంస్థ బస్సు ఏదైనా ఉండవలసి ఉండిందా? డిపో జవాబు సిద్ధమైంది: "సదరు సమయమునకు సదరు మార్గమున షెడ్యూలు చేయబడిన సర్వీసు ఏదియు లేదు." అక్షరాలా నిజం. టైపు చేసినది ఈ వ్యాసకర్త. తప్పంతా ఆటో డ్రైవరుదని తేలింది. కాలనీకే చెందిన అతను జైలుకు పోయాడు. బండి నిండా మనుషులను ఎక్కించుకున్నాడు, నిజమే. ఎక్కకుంటే వారు ఎట్లా పోవాలన్నది మాత్రం విచారణలో ఎవరూ అడగలేదు.

నెల తిరగకముందే కాలనీకి కొత్త బస్సు మంజూరైంది. రెండేళ్ళు రాని జవాబు మూడు శవాలు లేచాక వచ్చింది. ఏ వేళకు నడపాలి, ఎక్కడెక్కడ ఆపాలి అని తర్జనభర్జన పడవలసిన పని లేకపోయింది. బీరన్న గారి కాగితాలు తీసి, పైన పేరు కొట్టివేసి, యథాతథంగా వాడుకున్నారు. కమాను దగ్గర అయిదూ నలభై. పెద్దలు వచ్చారు, పూలదండలు వచ్చాయి. రిబ్బను కత్తిరించడానికి కత్తెర కావలసి వస్తే స్టోర్‌కు మనిషిని పంపారు. బీరన్న గారు కత్తెర తీసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టించుకుని ఇచ్చారు. సాయంత్రం అది తిరిగి వచ్చాక దాని మీద అంటిన రిబ్బను పోగును తీసివేసి, ముట్టినట్టు రాసుకున్నారు. ప్రారంభోత్సవానికి ఆయన్ని ఎవరూ పిలవలేదు.

ఆ బస్సును నడిపినందుకు ఆయనకు పడిన శిక్షను, ఆ బస్సే అధికారికంగా నడవడం మొదలైన తరువాత అయినా రద్దు చేయవలసిందిగా 2010లో ఒకసారి, 2012లో ఒకసారి విన్నవించుకున్నారు. మొదటిదానికి జవాబు లేదు. రెండవదానికి వచ్చింది: బస్సు మంజూరు కావడం వేరు, మంజూరు కాకముందు నడపడం వేరు.

ఇక చివరి అధ్యాయం. ఈ ఏడాది మార్చిలో నవజీవన్ కాలనీ రెండవ దశకు కాగితాలు వచ్చాయి. పాత ఇళ్ళ వెనుకనే మరొక పదకొండు వందల అరవై ఇళ్ళు. మళ్ళీ పది అడుగుల వీధులు, మళ్ళీ బండ్లకు జాగా లేదు, మళ్ళీ బస్సు హామీ కావాలి. ఈ ఎనిమిదేళ్ళలో ఆ ఇరుకు వీధులలోకి అంబులెన్సు రాలేక ఎందరిని మంచాల మీద మోసుకుని రోడ్డుకు తెచ్చారో ఆ కాగితాలలో లేదు. ఇప్పటి మేనేజరు గారు కొత్తవారు, సౌమ్యులు. పాత ఫైలులో బీరన్న గారి దస్తూరీ చూసి ఆయన్నే పిలిపించారు.

"అప్పుడు మీరు రాసిందే కదా బీరన్న గారూ. అదే వాక్యం మళ్ళీ రాసిస్తే సరిపోతుంది."

"గదే రాసి తప్పు చేసిన సార్. మళ్ల చెయ్య," అన్నారు బీరన్న గారు. "ఎన్ని బస్సులు కావాల్నో రాసిస్త. గది పంపుండ్రి."

మరునాడు రెండు పుటల ఉత్తరం తెచ్చి ఇచ్చారు. ఉన్న ఇళ్ళకే నాలుగు బస్సులు తక్కువ, కొత్త ఇళ్ళతో తొమ్మిది తక్కువ, అవి ముందుగా మంజూరైతే తప్ప ఆ ఇళ్ళలో మనుషులను పెట్టకూడదు అని అందులో ఉంది. మేనేజరు గారు చదివి, మెచ్చుకుని, డ్రాయరులో పెట్టి, ఈ వ్యాసకర్తను పిలిచారు. ఇతను ఇప్పుడు సీనియర్ అసిస్టెంట్. పిల్లల చదువులు ఉన్నాయి, బదిలీల భయం ఉంది, ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసు ఉంది. ఆ ఒక్క వాక్యం అతను రాసిచ్చాడు. పునాదులు లేచాయి. వచ్చే వేసవికి గృహప్రవేశాలట.

గత నెల ఈ సంచిక కోసం వివరాలు అడగడానికి ఈ వ్యాసకర్త బీరన్న గారి ఇంటికి వెళ్ళాడు. లక్ష్మీనర్సమ్మ గారు చాయ్ ఇచ్చి, "ముప్పై మూడేండ్లు బస్సులల్ల పనిజేసిండు. ఐదేండ్ల సంది నన్ను ఆటో ఎక్కనియ్యడు. అంగడికి పోవాల్నన్నా నడిసే పోవాలె," అని నిష్ఠూరంగా నవ్వారు. బీరన్న గారు నవ్వలేదు. ఇతను వెంట తెచ్చిన చిత్తుప్రతిని కళ్ళద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు. కర్తవ్యదీక్ష, క్రమశిక్షణ, చిరునవ్వు అన్నీ అందులో ఉన్నాయి.

"ఈయన ఎవరు?" అని అడిగారు.

ఇతను తల దించుకున్నాడు. "అన్నా, రెండో దశకు ఆ హామీ రాసింది నేనే," అన్నాడు.

"ఎరుకే. టైపు సూసి పోల్చిన."

"కోపం లేదా?"

"ఉన్నది," అన్నారు బీరన్న గారు, ఏ దాపరికమూ లేకుండా. "పోతదని గూడ అనుకుంటలేను. రాస్తె జరిగింది రాయి. లేకుంటె పుట్టిన తేదీ, చేరిన తేదీ ఏసి ఇడిసెయ్."

జరిగింది ఇది. దీన్ని అచ్చు వేయడానికి అంగీకరించిన సంపాదకవర్గానికి కృతజ్ఞతలు. అంగీకరించకపోతే ఈ పుటలో రెండు తేదీలే మిగిలి ఉండేవి.

శ్రీ కడారి బీరన్న గారికి దీర్ఘాయుష్షు కోరుకోవడం కష్టమేమీ కాదు. ఆయన ఆరోగ్యవంతులు, మితభోజనులు, తెల్లవారకముందే లేచే అలవాటు ఉన్నవారు. లక్ష్మీనర్సమ్మ గారి చేతి వంటతో, పిల్లల సంరక్షణలో నిండు నూరేళ్ళూ చల్లగా ఉంటారు, ఉండాలి. మనం కోరవలసింది మరొకటి ఉన్నది. వచ్చే వేసవిలో ఆ పదకొండు వందల అరవై ఇళ్ళలో కాలుపెట్టి, మరునాడు తెల్లవారి మలుపు దగ్గర నిలబడబోయేవారికి కూడా అంతటి ఆయుష్షు ఉండాలని మనసారా కోరుకుంటూ, అందుకు ఈ డిపో చేయగలిగింది ఏదీ చేయలేదని బీరన్న గారి సమక్షంలో ఒప్పుకుంటూ, ఆయనకు సెలవు.

రవీందర్,
సీనియర్ అసిస్టెంట్